పాత శ్రుతి, కొత్త యంత్రం

మా చిన్నతనంలో తెనాలిలోని మా ఇంటికి తెల్లవారటం సూర్యుడి వల్ల కాక రేడియో వల్ల జరిగేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాలు ప్రారంభమయ్యే ముందు, తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే సంకేత గీతం వినవచ్చేది. అది వినిపించగానే నాన్నగారు మంచం దిగేవారు. అమ్మ పొయ్యి ముట్టించేది. దుప్పటిలో ఉన్న నాకు మాత్రం, లోకమనే పెద్ద యంత్రానికి ఎవరో మీట నొక్కినట్లు అనిపించేది. ఆ గీతాన్ని కూర్చినవాడిగా ప్రసిద్ధికెక్కిన వాల్టర్ కాఫ్‌మన్ 1934లో ఐరోపా నుంచి బొంబాయి చేరిన యూదు సంగీతజ్ఞుడని చాలా ఏళ్ల తరువాత చదివి ఆశ్చర్యపోయాను.

మీట నొక్కగానే యంత్రం పలికే మరొక సంకేత గీతాన్ని ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఎ. చదివే రోజుల్లో విన్నాను. విశ్వవిద్యాలయంలోని కంప్యూటరు గదిలో విండోస్ 95తో నడిచే పాత యంత్రాలు కొన్ని ఉండేవి. వాటిని తెరవగానే నీటి మీద వెలుగు పరచుకున్నట్లు ఆరు సెకన్లపాటు ఒక ధ్వని వచ్చేది. దాన్ని కూర్చినవాడు బ్రయన్ ఈనో అనే బ్రిటిష్ సంగీతకారుడు. విండోస్ కోసం కూర్చిన ఆ ధ్వనిని తాను మాకింటాష్ యంత్రం మీద తయారుచేశానని ఆయనే తరువాత నవ్వుతూ చెప్పాడు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలకాలం భద్రపరచదగిన ధ్వనిముద్రణల పట్టికలో 2025లో ఆ ఆరు సెకన్లను కూడా చేర్చింది.

ఆ వార్త చదివిన సంవత్సరంలోనే నా కంప్యూటరులోని వ్యవస్థకు గడువు తీరింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయింది. గడువు తీరిందంటే మర్నాడు యంత్రం మూగబోతుందని కాదు. అది ఎప్పటిలాగే పనిచేస్తుంది. కాకపోతే, కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు. వీధి గూర్ఖా పని మానేసిన తరువాత కూడా ఇల్లు ఇల్లుగానే ఉంటుంది గదా! రాత్రిళ్లు ఈల మాత్రం వినిపించదు.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటని అమ్మ ఒకసారి అడిగింది. కచేరీలో తంబురా వంటిదని చెప్పాను. దాన్ని వినటానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. అది సరిగా ఉన్నంతసేపు ఉన్నట్లే తోచదు. అది తప్పిందా, పాడేవారు, వాయించేవారు, వినేవారు అందరూ ఒక్కసారిగా తలలెత్తుతారు. మనం రాసే ఉత్తరాలు, వినే పాటలు, చూసే బొమ్మలు అన్నీ దాని ఆధారం మీద నడిచేవే. అటువంటి ఆధారాన్ని కచేరీ మధ్యలో మార్చాలంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది.

నాకు దడ కలగటానికి వేరే కారణం కూడా ఉన్నది. 2003లో కొన్న నా మొదటి కంప్యూటరు విండోస్ ఎక్స్‌పీతో నడిచేది. 2014 ఏప్రిల్ 8న దానికి మద్దతు ముగిసింది. అప్పట్లో వీధి చివరి దుకాణంలోని కుర్రవాణ్ణి పిలిచి కొత్తది వేయమన్నాను. "మేడం, సీ డ్రైవులో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?" అని అతడు మర్యాదగానే అడిగాడు. అన్నీ డీ డ్రైవులోనే ఉన్నాయని ధీమాగా చెప్పాను. 'మై డాక్యుమెంట్స్' అనే అర సీ డ్రైవులోదేనని నాకు తెలియదు. సాయంత్రానికి ఒక నవల అనువాదంలో నలభై పుటలు, నేను సీడీల నుంచి ఎక్కించుకున్న ఈమని శంకరశాస్త్రి వీణ తుడిచిపెట్టుకు పోయినవి. ఆ కుర్రవాడి తప్పు ఇసుమంతైనా లేదు. ఏ వస్తువు ఏ గదిలో ఉన్నదో తెలియని ఇల్లాలిని నేను. అనువాదం మళ్లీ చేశాను. వీణ సీడీలు మళ్లీ కొన్నాను. డబ్బుతోనో శ్రమతోనో తిరిగి వచ్చేది పోయినా దాన్ని నష్టమనకూడదని అప్పటికి సరిపెట్టుకున్నాను.

అయితే నా డీ డ్రైవులో డబ్బుకు రానిది ఒకటి ఉన్నది. అది నాన్నగారి క్యాసెట్ల సంపుటి.

నాన్నగారు హైస్కూలు ఉపాధ్యాయులు. పాట పాడటం రాదు. వినటం మాత్రం ఒక వ్రతంలా సాగించారు. 1985 ప్రాంతంలో ఒక చిన్న టేపురికార్డరు కొని, దాన్ని రేడియో ముందు పీట మీద పెట్టి, భక్తిరంజని కీర్తనలనూ సంగీత కచేరీలనూ పట్టుకునేవారు. బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలు పాడుతుంటే మా ముందుగది దేవాలయమయ్యేది. విజయవాడ కేంద్రంలోనే పనిచేసిన వోలేటి వెంకటేశ్వర్లు రాగం అందుకుంటే నాన్నగారు పత్రిక మడిచి పక్కన పెట్టేసేవారు. వోలేటి ఒక స్వరం మీద నిలిచి, దాన్ని వదలలేక వదిలి, మళ్లీ వెనక్కి వచ్చి పలకరించే తీరు నా చెవికి అక్షరాభ్యాసం వంటిది. ఈనాటికీ నాకు అత్యంత ప్రియమైన సంగీతం ఏదని ఎవరడిగినా పేర్లు చాలా చెబుతాను గాని, మనసులో మోగేది మాత్రం ఆ పీట మీది సంగీతమే.

రెండేళ్ల తరువాత రేడియో, టేపురికార్డరు కలిసి ఉన్న టూ-ఇన్-వన్ వచ్చింది. అప్పటి నుంచి క్యాసెట్లు శుభ్రంగా ఉన్నవి. పాట తప్ప మరొక చప్పుడు లేదు. కాని మొదటి రెండేళ్ల క్యాసెట్లలో మా ఇల్లంతా ఉన్నది. బిందెలు, కాకులు, గేటు కిర్రుమనటం, అమ్మ కేకలు, నాన్నగారి దగ్గు. శుభ్రమైన క్యాసెట్లలో నాన్నగారు లేరు.

ఆ ఇరవై రెండు క్యాసెట్లను 2009లో కంప్యూటరులోకి ఎక్కించాను. టేపురికార్డరు ఇయర్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక తీగ తగిలించి, ఒక్కొక్క వైపు నలభై అయిదు నిమిషాల చొప్పున, వేసవి సెలవులన్నీ ఆ పనిలోనే గడిపాను. తొంభై నిమిషాల క్యాసెట్టును ఏమీ తగ్గించకుండా సీడీ ప్రమాణంలో దాచుకుంటే సుమారు 950 మెగాబైట్ల చోటు పడుతుంది. అదే ఎంపీ3గా కుదిస్తే అందులో పదో వంతు కన్నా తక్కువతో సరిపోతుంది. చెవి పట్టించుకోదని లెక్క తేలిన ధ్వనులను ఎంపీ3 తొలగిస్తుంది. ఆనాడు నా యంత్రంలో చోటు తక్కువ కావటం వల్ల అన్నిటినీ ఎంపీ3 చేసి తృప్తి పడ్డాను. నాన్నగారు అప్పుడు పక్క గదిలోనే ఉన్నారు. టేపులో ఆయన గొంతు కోసం వెతకవలసిన అవసరమే లేకపోయింది. 2011లో ఆయన వెళ్లిపోయారు.

కనుక ఈసారి వ్యవస్థ మార్చటానికి దుకాణం కుర్రవాణ్ణి పిలవలేదు. మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగు విద్యార్థి. వాణ్ణి కూర్చోబెట్టుకున్నాను.

"అత్తా, నీ కంప్యూటరు పదకొండుకు అర్హం కాదంటోందే!" అన్నాడు వాడు పరీక్షించి.

"2019లో కొన్నదిరా, అప్పుడే ముసలిదైపోయిందా?"

వాడు నవ్వి, యంత్రాన్ని మళ్లీ తెరిచేటప్పుడు ఏదో మీట పట్టుకుని లోపలి నీలిరంగు పట్టికలోకి వెళ్లాడు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం తప్పనిసరి. రహస్యపు తాళాలను దాచుకునే చిన్న పెట్టె వంటిది అది. నా యంత్రంలో ఆ సాధనం ఉన్నది గాని, దాన్ని ఎవరూ మేల్కొలపలేదట. వాడు దాన్ని మేల్కొలిపాడు. అర్హత వచ్చేసింది. మీలో ఎవరి యంత్రమైనా ఇలాగే అనర్హమని తేలితే, కొత్తది కొనేముందు ఈ సంగతి తెలిసినవారి చేత ఒకసారి చూపించుకోవటం మంచిది. అన్ని యంత్రాల్లోనూ ఇలా జరగదు. ప్రాసెసరు మరీ పాతదైతే మేల్కొలపటానికి లోపల ఏమీ ఉండదు.

"ఇక మొదలెట్టనా?" అన్నాడు మేనల్లుడు.

"ఆగు. ముందు నకళ్లు తీయాలి."

"తీశాను గదత్తా, ఫైళ్ల సంఖ్య కూడా సరిపోయింది."

"సంఖ్య సరిపోతే చాలదు. విని చూడాలి."

వాడికి అది చాదస్తంగా తోచి ఉంటుంది. ఇరవై రెండు క్యాసెట్లంటే ముప్ఫైమూడు గంటలు! అయినా 2014 నాటి దెబ్బ నాకు గుర్తున్నది. బయటి హార్డ్‌డిస్కులోని నకలును తెరిచి, అనువాదం చేసుకుంటూ, వంట చేసుకుంటూ, వారం రోజులపాటు ఒక్కొక్కటే విన్నాను. ఆరవ రోజున ఒక ఫైలు నిడివి చూసి ఆగిపోయాను. తక్కినవన్నీ నలభై అయిదు నిమిషాలు. ఇది ముప్ఫై ఒకటి. వోలేటి రాగం విస్తరిస్తూ ఉండగా గేటు కిర్రుమంటుంది, బిందె నేలకు తగులుతుంది, అక్కడితో టేపు ఆగిపోతుంది.

నకలు తీయటంలో వచ్చిన తేడా కాదది. అసలు ఫైలే అంతవరకు ఉన్నది. 2009లో నేనే ఆపి ఉంటాను. ఇంటి గోల వల్ల ఆలాపన పాడైపోయిందని, ఇక ఎక్కించి ప్రయోజనం లేదని అనుకుని ఉంటాను. పదహారేళ్లుగా ఆ పద్నాలుగు నిమిషాలు లేవన్న సంగతి కూడా నాకు తెలియదు. భద్రంగా ఉన్నవనే ధైర్యంతో నేను వాటిని వినటమే మానేశాను.

ఆ క్యాసెట్టు తెనాలిలో అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనతో దొరికింది. టేపు మీద అక్కడక్కడ తెల్లని బూజు. మెత్తని గుడ్డతో పెట్టెను తుడిచి, ముందుకూ వెనక్కూ మెల్లగా తిప్పి, పాత టూ-ఇన్-వన్‌లో పెట్టాను. మోగింది. కాని పాట నీరసంగా, గొంతు బరువుగా, జ్వరపడి లేచినవాడు పాడినట్లు ఉన్నది. లోపల చక్రాన్ని తిప్పే రబ్బరు పట్టీ వయసు మీద పడి సాగింది. టేపు నెమ్మదిగా నడిస్తే శ్రుతి కూడా దిగుతుంది. వేగం సుమారు 6 శాతం తగ్గితే పాట మొత్తం ఒక స్వరస్థానం కిందికి జారుతుంది.

వేగాన్ని సవరించే సదుపాయం ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఉన్నది. కాని ఎంత సవరించాలి? వోలేటి ఆనాడు పెట్టుకున్న శ్రుతి ఏదో నాకెలా తెలుస్తుంది? ఆలోచిస్తూ క్యాసెట్టును మొదటికి తిప్పాను. ఆ వైపు మొదట్లో, నాన్నగారు కాస్త ముందుగానే మీట నొక్కటం వల్ల, ఆకాశవాణి సంకేత గీతం పూర్తిగా ఉన్నది! ఆ గీతానికి మంచి ప్రతులు ఉన్నవి. ఒకవైపు మంచి ప్రతి, మరొకవైపు మా టేపు పెట్టుకుని, రెండూ ఒకే చోట పలికేవరకు వేగాన్ని కొద్దికొద్దిగా పెంచాను. ఏనాడో మా ఇంటిని మేల్కొలిపిన ఆ గీతమే ఇప్పుడు మా ఇంటి గొంతులకు శ్రుతి పెట్టింది.

ముప్ఫై ఒకటవ నిమిషం దాటింది. గేటు, బిందె, అమ్మ ఎవరితోనో మాటలు. వాటి వెనుక బిలహరి సాగుతూనే ఉన్నది. మరి కాసేపటికి, మైకుకు చాలా దగ్గరగా, ఆరేళ్ల పిల్ల గొంతు.

"నాన్నా, ఇదేం రాగం?"

"ష్... పేరు తరువాత అడుగుదువుగాని. ముందు విను."

అంతే. ఆ తరువాత ఇద్దరూ మాట్లాడలేదు. టేపు అయిపోయేవరకు ఇద్దరం వింటూనే ఉన్నాం. నలభై ఏళ్ల తరువాత మూడోసారి విన్నప్పుడు, పద్నాలుగు నిమిషాల చివరలో నాన్నగారు మెల్లగా తాళం వేసుకున్న చప్పుడు కూడా పట్టుకున్నాను. సంగీతానికి అడ్డమని నేను ఆపేసినది ఇదీ!

వస్తువును ఒక పాత్రలో నుంచి మరొక పాత్రలోకి మార్చుకోవటం మన సంగీతానికి కొత్త కాదు. పాశ్చాత్యుల వయొలిన్‌ను నేర్చి కర్ణాటక సంగీతానికి అలవరచిన తొలి విద్వాంసులలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒకరు. ఆయన దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు అంతవరకు గురువు నోటి నుంచి శిష్యుని చెవికి సాగివచ్చిన కృతులను స్వరపరచి, గమకాలకు ప్రత్యేకమైన గుర్తులతో 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని వెలువరించారు. తమిళ దేశంలోని ఎట్టయపురంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉండటం మనకు గర్వకారణం. ఒకే కుటుంబంలో ఒకరు వాద్యాన్ని మార్చారు, మరొకరు భద్రపరిచే పద్ధతిని మార్చారు. అయితే పుస్తకం ఉన్నంత మాత్రాన ఆ కృతులు బతకలేదు. దాన్ని తెరిచి పాడేవారు తరతరానికీ ఉండటం వల్ల బతికినవి.

అనువాదకురాలిగా నాకు ఇదే పాఠం మరొక వైపు నుంచి కూడా అందింది. ఇరవై ఏళ్ల కిందట అచ్చు కోసం వాడిన పాత ఫాంట్లలో రాసిన నా వ్రాతప్రతులు కొన్ని, ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే, ఆంగ్లాక్షరాల, చుక్కల, గీతల గందరగోళంగా కనిపిస్తాయి. యూనికోడులో రాసినవి మాత్రం ఏ యంత్రంలో తెరిచినా తెలుగుగానే పలకరిస్తాయి. ఒక్క యంత్రానికి మాత్రమే అర్థమయ్యే భాషలో దాచుకున్నది ఆ యంత్రంతోపాటే మూగబోతుంది.

ఇంతకూ వ్యవస్థ మార్పు ఏమైందని అడుగుతారేమో! ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే మేనల్లుడు మొదలుపెట్టాడు. మూడుసార్లు యంత్రం తనంతట తానే ఆగి తెరుచుకున్నది. సాయంత్రం కాఫీ వేళకు పని పూర్తయింది. ఎడమ మూలన ఉండే స్టార్టు గుర్తు నడిమికి వచ్చి కూర్చున్నది. నా చెయ్యి ఇప్పటికీ అలవాటు కొద్దీ ఎడమ మూలకే పోతున్నది. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నవి. నేను అంత భయపడవలసిన పనే లేకపోయింది. కాని ఆ భయమే లేకపోతే ఆ పద్నాలుగు నిమిషాలు బీరువాలోనే బూజు పట్టిపోయేవి.

ఇటువంటి పని పెట్టుకోబోయే చదువరులకు నా అనుభవం నుంచి నాలుగు మాటలు. ముఖ్యమైన దేనికైనా మూడు ప్రతులు ఉంచండి. వాటిని రెండు రకాల సాధనాల మీద ఉంచి, ఒకటి మాత్రం వేరే ఇంట్లో పెట్టండి. మాది అన్నయ్య ఇంట్లో ఉన్నది. పాత క్యాసెట్లను ఎక్కించేటప్పుడు, ధ్వనిలో ఏమీ పోగొట్టని ఫ్లాక్ వంటి రూపంలో దాచుకోండి. అది సుమారు సగం చోటుతో సరిపెట్టుకుంటుంది. శబ్దాలను శుభ్రపరచాలనిపిస్తే నకలును శుభ్రపరచండి, అసలును అలాగే ఉండనీయండి. ఏది గోల, ఏది సంగీతం అన్న తీర్పు వయసుతో మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏడాదికి ఒక్కసారైనా వాటిని తెరిచి వినండి.

దీపావళికి తెనాలి వెళ్లినప్పుడు ఆ పద్నాలుగు నిమిషాలు అమ్మకు వినిపించాను. డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి, కళ్లు మూసుకుని విన్నది. నాన్నగారి మాట రాగానే ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కళ్లు తెరిచి, "ఆ గేటుకి నూనె వెయ్యమని ఎన్నిసార్లు చెప్పానో మీ నాన్నకి! వింటేనా? ఎప్పుడూ ఆ రేడియో ముందే!" అన్నది.

కాసేపు ఆగి, "మళ్లీ పెట్టవే" అన్నది.